విశ్వం గనిలో పేలిన రాయి కాదు

మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి ఈ ఏడాది కొత్తగా ముగ్గురు చేరారు. ఇద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్ళే. పాఠం చెప్పడం గురించి మీ అనుభవాలు రాసివ్వండి సార్ అని అడిగారు. పాఠం ఎలా చెప్పాలో రాయడానికి నాకు అర్హత తక్కువ. ఎలా చెప్పకూడదో మాత్రం బాగా తెలుసు.

ముప్పై రెండేళ్ళు నేను జమ్మలమడుగు నుంచి పొద్దుటూరుకు బస్సులో వెళ్ళి డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. విశ్వం తొలిరోజుల్లో ఎలా ఉండేది, గెలాక్సీలు ఎలా ఏర్పడ్డాయి అనే పాఠం పద్దెనిమిదేళ్ళు తప్పుగా చెప్పాను. అది తప్పని లేచి చెప్పిన ఒక అమ్మాయికి అన్యాయం చేశాను. నా వల్ల ఆమె చదువు ఆగిపోయిందేమో అన్న భయం ఎనిమిదేళ్ళు నన్ను వదల్లేదు. ఆ సంగతే రాస్తున్నాను. మిగతా ఉద్యోగం అందరిలాగే జరిగింది.

నోట్స్

నేను చేరినప్పుడు మా శాఖకు పెద్ద సుబ్బరాయుడు సార్. ల్యాబులో ఆయనంత జాగ్రత్తపరుణ్ణి నేను చూడలేదు. వెర్నియర్ చదవడం, సున్నా దోషం చూసుకోవడం, పిల్లల చేత తీగలు సరిగ్గా కలిపించడం అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. క్లాసులో మాత్రం ఆయన పద్ధతి ఒక్కటే. కుర్చీలో కూర్చుని నోట్స్ చెప్పేవాడు, పిల్లలు రాసుకునేవారు.

"ఒకసారి రాసిన నోట్సు మార్చొద్దప్పా" అని మొదటి వారమే నాకు చెప్పాడు. "మారిస్తే పోయినేడు పిల్లోల్లు, ఈయేడు పిల్లోల్లు కలిసినప్పుడు సారుకు ఏమీ రాదనుకుంటారు."

"పుస్తకాలు మారతాయి కదా సార్."

"పుస్తకాలు మారితే మారనీ. నువ్వు మారొద్దు."

ఆయన దుర్మార్గుడు కాదు. మా పిల్లలు ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చేవారు, పుస్తకం కొనలేనివారు. నోట్స్ లేకపోతే పాస్ కారు. ఆయన భయం అది. నేను ఆ భయాన్ని కాకుండా అందులోని సుఖాన్ని తీసుకున్నాను. సిలబస్‌లోకి విశ్వం పుట్టుక పాఠం వచ్చిన ఏడాది పాతకాలపు పుస్తకం ఒకటి చూసి పన్నెండు పేజీల నోట్స్ రాసుకున్నాను. కాలేజీ ఎదురుగా జెరాక్స్ అంగడి అతను దాన్ని విశ్వం సెట్టు అని పేరు పెట్టి అమ్మేవాడు. పద్దెనిమిదేళ్ళలో అందులో ఒక్క వాక్యం మార్చలేదు.

ఆ నోట్స్‌లో నాకు బాగా ఇష్టమైన భాగం నా సొంత పోలిక. చిలమకూరు పక్కన సున్నపురాయి గనులున్నాయి కదా. అక్కడ రాతికి గుంత తవ్వి, పేలుడు మందు కూరి పేలుస్తారు, ముక్కలు నాలుగు దిక్కులా ఎగురుతాయి. విశ్వం కూడా ఒక చోట అలాగే పేలింది, ఎగిరిన ముక్కలే గెలాక్సీలయ్యాయి, కొన్ని చోట్ల ముక్కలు పెద్దవి, కొన్ని చోట్ల చిన్నవి కాబట్టే ఆకాశం సమానంగా లేదు. ఇదీ నా పాఠం. పిల్లలకు బాగా ఎక్కేది. పరీక్షలో గని బొమ్మ వేసి మరీ రాసేవారు.

గనిలో పేలుడు నేను ఎప్పుడూ చూడలేదు. బస్సులో పోతున్నప్పుడు దూరంగా చప్పుడు విన్నాను, అంతే. ఎదురుగా కూర్చున్న పిల్లల్లో సగం మంది నాన్నలు ఆ గనుల్లో పనిచేసేవాళ్ళు. వాళ్ళ పని గురించి వాళ్ళకే, చూడకుండా పాఠం చెప్పాను.

షమీమ్ అడిగిన ప్రశ్న

రాష్ట్రం విడిపోయిన తర్వాత రెండో ఏడాది. మూడో సంవత్సరం క్లాసు. గని పోలిక చెప్పి, బోర్డు మీద ముక్కలు ఎగురుతున్నట్టు బాణం గుర్తులు గీస్తున్నాను. రెండో బెంచీలో షమీమ్ లేచింది. చిలమకూరు నుంచి వచ్చే అమ్మాయి. పెద్దగా మాట్లాడేది కాదు.

"సార్, మా నాయన గనిలో బ్లాస్టరు."

"అయితే?"

"రాయి పేలితే నాలుగు దిక్కులా పోదంట సార్. తెరిచిన పక్కకే పోతాదంట. గుంత కాడ పిండి మాదిరి ఉంటాది, దూరం పోయేకొద్దీ గుండ్లు పడింటాయి. యాడ పేలిందో సూస్తూనే తెలుస్తాదంట. కానీ విశ్వం నుంచి వచ్చే పాత వెలుగు ఏ పక్క చూసినా ఒకటే మాదిరి ఉందని మీరే నిన్న చెప్పినారు. మరి గుంత యాడుంది సార్?"

ఆ ప్రశ్నకు నా పన్నెండు పేజీల్లో జవాబు లేదు. క్లాసు మొత్తం నా వైపు చూస్తోంది. ఇంకొకడైతే బాగా అడిగావమ్మా, రేపు చూసి చెప్తాను అనేవాడు. నేను సుద్దముక్క బల్ల మీద పెట్టి, "అయితే విశ్వానికి మందు పెట్టింది కూడా మీ నాయనేనా?" అన్నాను.

క్లాసు ఘొల్లుమంది. షమీమ్ కూర్చుంది. మరుసటి రోజు నుంచి పిల్లలు ఆమెను బ్లాస్టర్ అని పిలవడం మొదలుపెట్టారు. నేను విన్నాను, ఆపలేదు.

మీలో ఎవరైనా క్లాసులో నవ్వు పుట్టించగలిగితే అది మంచి విద్యే. కానీ ఆ నవ్వు ఎవరి మీద పడుతోందో చూసుకోండి. ప్రశ్న అడిగిన మనిషి మీద పడితే, ఆ ఏడాదికి ఇక ఎవరూ ప్రశ్న అడగరు. ఆ ఏడాది ఎవరూ అడగలేదు.

సీలు వేసిన కవరు

రెండు నెలల తర్వాత షమీమ్ ఒక దరఖాస్తు తీసుకొని స్టాఫ్ రూముకు వచ్చింది. బెంగళూరులో ఒక పరిశోధనా సంస్థ ఎండాకాలం సెలవుల్లో డిగ్రీ పిల్లల్ని రెండు నెలలు ఉంచుకొని ఖగోళశాస్త్రం నేర్పిస్తుంది. తిండి, వసతి వాళ్ళదే. దరఖాస్తు ఆమె పంపుకుంటుంది. పాఠం చెప్పిన సారు మాత్రం ఆ విద్యార్థి గురించి ఒక ఉత్తరం రాసి, కవరుకు సీలు వేసి, తానే నేరుగా పోస్టు చేయాలి.

"రాస్తాలేమ్మా" అన్నాను.

రాశాను కూడా. మంచిగానే రాశాను. కవరు అంటించి, కాలేజీ ముద్ర వేసి, అప్పుడు ఆగాను. ఈ పిల్ల అక్కడికి వెళ్తుంది. మీ ఊళ్ళో ఈ పాఠం ఎలా చెప్పారని ఎవరో అడుగుతారు. గని పోలిక చెప్తుంది, వాళ్ళు నవ్వుతారు. నాకు వచ్చిన ఆలోచన అంతే. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే రాసేవాణ్ణి. లేదు. కవరు ల్యాబు అలమారాలో పాత స్పెక్ట్రోమీటరు పెట్టె కింద పెట్టాను.

ఆమె రెండుసార్లు అడిగింది. మొదటిసారి, "పోస్టు చేసినా" అన్నాను. ఇంకో వారానికి మళ్ళీ వచ్చింది, ఈసారి ల్యాబులోకి.

"సార్, కవరు పంపినారు కదా?"

"పంపినానమ్మా. ఎన్నిసార్లు అడుగుతావు?"

గడువు తీరిపోయింది. పరీక్షలయ్యాయి, ఆ బ్యాచి వెళ్ళిపోయింది. షమీమ్ మళ్ళీ కనబడలేదు.

మరిచిపోయాను అని రాస్తే సులువుగా ఉండేది. మరిచిపోలేదు. పదవీ విరమణ రోజున అలమారా అప్పజెప్పడానికి సామాను తీస్తుంటే కవరు కనబడింది, నేను ఉలిక్కిపడలేదు. అది ఏ పెట్టె కింద ఉందో నాకు ప్రతి రోజూ తెలుసు.

పాఠంలో అసలు సంగతి

షమీమ్ బ్యాచి వెళ్ళిపోయిన ఏడాది శీతాకాలంలో లెక్చరర్లకు పెట్టే మూడు వారాల శిక్షణకు నన్ను పంపారు. అక్కడ ఈ పాఠం చెప్పినామె నా కంటే ఇరవై ఏళ్ళు చిన్నది. మొదటి గంటలోనే బోర్డు మీద ఒక మాట రాసింది. ఇది ఖాళీ చోటులో జరిగిన పేలుడు కాదు, చోటే సాగడం అని.

మీరు రేపు చెప్పవలసిన పాఠం కాబట్టి సంగతి కొంచెం రాస్తాను. విశ్వానికి గుంత లేదు. పేలిన స్థలం అంటూ ఒకటి లేదు, అన్ని చోట్లా ఒకేసారి సాగింది. తొలినాళ్ళలో అంతా విపరీతమైన వేడి, దట్టమైన పొగమంచు లాంటి పదార్థం, అందులో వెలుగు కూడా తిన్నగా ప్రయాణం చేయలేదు. దాదాపు మూడు లక్షల ఎనభై వేల ఏళ్ళకు చల్లబడి తేటపడింది, వెలుగు బయటపడింది. ఆ పాత వెలుగును ఇప్పుడు ఏ దిక్కు నుంచి కొలిచినా దాదాపు ఒకటే వేడి. తేడా లక్షలో ఒక వంతు. ఆ లక్షో వంతు తేడాయే లేకపోతే మనం లేము. ఎక్కడ పదార్థం వెంట్రుకవాసి ఎక్కువ ఉందో అక్కడికి చుట్టుపక్కలది లాగబడింది, ఎక్కువైన చోటికి మరింత చేరింది. కంటికి కనబడని చీకటి పదార్థం ఆ లాగుడుకు ముందే గూడు కట్టిపెట్టింది. కోట్ల ఏళ్ళకు గెలాక్సీలు, వాటి తీగలు, మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు ఏర్పడ్డాయి.

మరి మొదటి తేడా ఎక్కడ నుంచి వచ్చింది? సెకనులో ఊహకందనంత చిన్న భాగంలో విశ్వం ఒక్కసారిగా విపరీతంగా ఉబ్బిందనీ, అణువు కంటే సూక్ష్మమైన కదలికలు ఆ ఉబ్బులో సాగి తేడాలయ్యాయనీ ఒక సిద్ధాంతం. కొలతలతో చాలావరకు కుదురుతుంది. రుజువైపోయిందని మాత్రం ఎవరూ అనరు. వేరే సిద్ధాంతాలు కూడా ఉన్నాయి. ఇది ఇంకా తేలలేదు అని పిల్లలకు చెప్పండి. తేలని సంగతిని తేలనట్టే చెప్పడం పాఠంలో భాగం.

ఆ గదిలో వెనక బెంచీలో కూర్చుని నేను చిలమకూరు పిల్ల గురించే ఆలోచించాను. ఆమెకు ఈ సిద్ధాంతాలేవీ తెలియవు. వాళ్ళ నాయన పని తెలుసు, ఆ తెలివితో నా తప్పు పట్టుకుంది.

దీని తర్వాత కూడా నేను నోట్స్ మార్చలేదు. ఇది చెప్పడానికే ఎక్కువ సిగ్గుగా ఉంది. విరమణ దాకా రెండు బ్యాచీలకు తప్పని తెలిసే తప్పు చెప్పాను. మారిస్తే ఎందుకు మార్చారని ఎవరైనా అడుగుతారేమోనని భయం. తెలియక చెప్పిన పదహారేళ్ళు ఒక ఎత్తు, తెలిసి చెప్పిన ఆ రెండేళ్ళు ఒక ఎత్తు.

పీరా

విరమణ తర్వాత ఇంట్లో ఊరికే కూర్చుంటే ఆ ఆలోచన ఎక్కువైంది. బజారులో మిషను కుట్టే ఆడపిల్లను చూసినా, బిడ్డను చంకనేసుకొని ఆస్పత్రి ముందు నిలబడిన మనిషిని చూసినా షమీమ్ ఇలాగే మిగిలిపోయిందేమో అనిపించేది. అయినా కదలడానికి చాలా ఏళ్ళు పట్టింది. పోయినేడు ఒక ఆదివారం ఎర్రగుంట్ల దాకా బస్సులో, అక్కడ నుంచి ఆటోలో చిలమకూరు వెళ్ళాను. షమీమ్ నాయన, బ్లాస్టరు హుసేన్ పీరా ఇల్లు అడిగితే వెంటనే చూపించారు.

ఆయన వసారాలో కూర్చుని చెప్పుల వారు కుట్టుకుంటున్నాడు. షమీమ్‌కు ఫిజిక్స్ చెప్పిన సారును అన్నాను. చెయ్యి ఆపి నా ముఖంలోకి చూశాడు.

"మీరేనా సార్ ఆ సారు? దునియాకు మందు పెట్టింది నేనే అన్నది మీరేనా?"

నేనేనని తల ఎత్తకుండా అన్నాను. ఆయన మాత్రం నవ్వుతున్నాడు.

"ఆ పొద్దు మా పాప ఏడుస్తా వచ్చింది. ఏందిమ్మా అంటే ఇట్లన్నారని చెప్పింది. నాకు నవ్వు ఆగలే సార్. దునియా అంత బ్లాస్టు చేసేంత పనోణ్ణా నేను అని మా మేటుకు గూడా చెప్పుకున్నా. వాడు ఇప్పటికీ నన్ను దునియా పీరా అంటాడు. కూసోండి, కూసోండి."

కూర్చున్నాను. మాటల మధ్యలో, "మీరు బ్లాస్టు యాడ సూసినారు సార్?" అని అడిగాడు.

"చూడలేదు."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ చూడలేదప్పా. చప్పుడు విన్నాను."

"చప్పుడింటే ఏం తెలుస్తాది సార్" అని మళ్ళీ నవ్వాడు. "పెండ్లి మేళం విని పిల్ల ఎట్లుందో చెప్పినట్టుంది."

షమీమ్ ఏం చేస్తోందని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు. పులివెందులలో గవర్నమెంటు హైస్కూల్లో సైన్సు టీచరట. పెళ్ళయింది, ఒక కొడుకు. నేను గట్టిగా ఊపిరి వదిలాను. అది ఆయనకు వినబడే ఉంటుంది.

అంతలో ఆయన గొంతు తగ్గించి అన్నాడు. "ఆ బెంగళూరు సదువుకు మీరు ఉత్తరం రాసి పంపినారంట గదా. ఆడుండేటోళ్ళు తీసుకోలే. అది మా నసీబు, ఏం చేస్తాం. మీరు మాత్రం మీ పని చేసినారు. ప్రతి శుక్రవారం నమాజులో దువా చేసేటప్పుడు మీ పేరు గూడా చెప్పుకుంటా సార్."

పోయి వస్తానని లేచాను. ఆయన ఆటో దాకా వచ్చాడు. దారంతా నన్ను నేను తిట్టుకుంటూనే వచ్చాను. నేను చెప్పిన అబద్ధం ఆయన ఇంట్లో మంచిమాట అయి కూర్చుంది. షమీమ్ కూడా ఇదే నమ్ముతోందా, లేక తెలిసీ ఊరుకుందా అన్నది నాకు అర్థం కాలేదు.

పులివెందుల మైదానం

ఆ గురువారం ముద్దనూరు మీదుగా పులివెందుల వెళ్ళాను. స్కూలు గేటు దగ్గరికి వెళ్ళేసరికి మైదానంలో అరవై మంది దాకా పిల్లలు ఎడం ఎడంగా నిలబడి ఉన్నారు. మధ్యలో షమీమ్, చేతిలో ఈల.

"ఈల ఇనపడితే ఒక్క అడుగు. ఏ పక్క ఎక్కువమంది ఉండారో ఆ పక్కకు. పరిగెత్తొద్దు. తోసుకోవద్దు. మస్తానూ, నీకే చెప్తాండా."

ఈల. అందరూ ఒక అడుగు వేశారు. ఏమీ మారినట్టు లేదు. ఇంకో ఈల. మరొకటి. పదో ఈలకు అక్కడక్కడ నలుగురేసి దగ్గరయ్యారు. ఇరవయ్యో ఈలకు గుంపులు కనబడ్డాయి. గుంపుల మధ్య పిల్లలు వరసలు కట్టారు, మిగతా చోటంతా ఖాళీ అయిపోయింది. నేను గేటు ఊచలు పట్టుకొని నిలబడిపోయాను. నా పన్నెండు పేజీల్లో లేనిది అక్కడ మైదానంలో ఉంది.

"మొదట అందరూ సమానంగా నిలబడినారా లేదా?" అని అడిగింది షమీమ్.

"నిలబడినాం మేడం."

"నిలబడలే. రెడ్డెమ్మ అర అడుగు ఇటు ఉండాది. మస్తాన్ ఎట్లా సరిగ్గా నిలబడడు. ఆ అర అడుగే ఇదంతా చేసింది. ఆకాశంలో కూడా ఇంతే. అయితే ఆడ మైదానం కూడా సాగుతా ఉంటాది. అది రేపు చూద్దాం."

భోజనాల గంట కొట్టాక నన్ను చూసింది. గుర్తుపట్టింది. వరండాలో కుర్చీ వేసి, తాను గోడకు ఆనుకొని నిలబడింది. నేను దారంతా నేర్చుకున్న మాటలు పోయాయి.

"ఆ కవరు నేను పంపలేదమ్మా" అన్నాను.

"తెలుసు సార్."

ఆమె గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు.

"అప్పుడే ఫోన్ చేసినా వాళ్ళకు. మీ సారు ఉత్తరం రాలేదమ్మా, ఇంగా నాలుగు దినాలు టైముంది అన్నారు. అందుకే రెండోసారి మీ దగ్గరికి వచ్చినా. పంపినా అన్నారు. మీ కండ్లు అలమారా పక్క పోయినాయి."

"మరి మీ నాయనకు..."

"ఆయనకు చెప్తే ఏమైతాది సార్? మరుసటేడు మా చెల్లెలు నస్రీన్‌ను కాలేజీలో చేర్పించాల. సార్లే ఇట్లుంటే ఆడపిల్లకు సదువెందుకు అంటాడు. అందుకని సారు పంపినారు, వాళ్ళు తీసుకోలేదని చెప్పినా. మిమ్మల్ని కాపాడాలని కాదు."

"నస్రీన్ చదివిందా?"

"సదివింది. ఎంసీఏ అయిపోయింది, హైదరాబాదులో ఉద్యోగం చేస్తాంది."

నేను చేతులు జోడించబోయాను. ఆమె వద్దని తల ఊపింది.

"మీ వల్ల నా చదువు పాడైందని నాలో నేను..." అని మొదలుపెట్టాను.

"నా బతుకు మీరు పాడుచేసినారనుకుంటాండారా? అంత పెద్ద పని మీ చేతిలో లేదు సార్. ఆ ఎండాకాలం ఇంట్లో కూసోని మిషను కుట్టినా. తర్వాత ఎమ్మెస్సీ చేసినా, బీఎడ్ చేసినా, డీఎస్సీ రాసినా. ఈ పని నాకు ఇష్టం. కానీ ఆ రెండు నెలలు పోయినాయి. పోలేదని నేను అనను. అప్పుడు పోయింటే ఏమైవుండేదో నాకూ తెలీదు, మీకూ తెలీదు."

ఎనిమిదేళ్ళుగా నేను ఊహించుకున్న నష్టం పెద్దది. జరిగిన నష్టం చిన్నదేమీ కాదు, కానీ దానికి ఒక హద్దు ఉంది. రెండు నెలలు. ఆమె కొలిచి చెప్పింది. గుండె మీద ఉన్న రాయి ఒకటి దిగింది, రెండోది అలాగే ఉంది.

"నన్ను ఏం చేయమంటావమ్మా?"

"నాయనకు చెప్పండి. నస్రీన్ సదువు అయిపోయింది, ఆ అబద్ధంతో నాకింక పని లేదు. శుక్రవారం శుక్రవారం మీ పేరు చెప్పుకుంటాంటే ఇనలేకపోతాండా. నేను చెప్తే ఇన్నేండ్లు నువ్వెందుకు దాచినావని నన్ను అడుగుతాడు. మీరు చెప్తే మిమ్మల్ని అడుగుతాడు. అది న్యాయం కదా?"

న్యాయమే అన్నాను.

మళ్ళీ చిలమకూరు

శుక్రవారం దాటనివ్వకూడదని మరుసటి రోజు పొద్దున్నే బయల్దేరాను. పీరా డ్యూటీకి వెళ్ళడానికి తయారై, గనిలో పెట్టుకునే టోపీ చేతిలో పట్టుకొని వాకిట్లో ఉన్నాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. ఉత్తరం రాశాను, పంపలేదు, రెండుసార్లు పంపానని అబద్ధం చెప్పాను, మీ అమ్మాయికి తెలుసు, చెల్లెలి చదువు కోసం మీకు చెప్పలేదు, తప్పు పూర్తిగా నాది. అంతే చెప్పాను. భయపడ్డానని, చిన్నబుద్ధి అని వివరాలు చెప్పబోతే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

టోపీని తిప్పి తిప్పి చూశాడు.

"మా పనిలో ఒకటుంటాది సార్" అన్నాడు చివరికి. "ఇరవై గుంతలకు మందు పెడతాం. ఒగొగసారి పందొమ్మిదే పేలతాయి. ఒగటి పేలకుండా రాళ్ళ కింద ఉండిపోతాది. అది పేలలేదని బ్లాస్టరుకే తెలుస్తాది, లెక్క వాడి చెవిలోనే ఉంటాది కాబట్టి. చెప్పకుండా ఇంటికి పోయినాడనుకో, మరుసటి డ్యూటీ వాడు వచ్చి ఆడ్నే డ్రిల్లు పెడతాడు. వాడి పెండ్లాం బిడ్డల గతి ఏంది?"

నేను తల వంచుకొని నిలబడ్డాను.

"అట్లా చెప్పకుండా పోయినోణ్ణి మేం మనిషి కింద లెక్కపెట్టం. మీరు ఎనిమిదేండ్లు చెప్పలే. ఈడ ఎవురూ డ్రిల్లు పెట్టలేదు, అది మన నసీబు. మా పాప పెట్టనియ్యలే."

"అవును" అన్నాను.

"కానీ చెప్పినాక ఏం చేస్తామో తెలుసునా? ఎప్పుడు చెప్పినా సరే, తిట్టేది తర్వాత. ముందు ఆడ ఎర్రజెండా పెడతాం. మంచి పనోణ్ణి పిలిచి, నీళ్ళు కొట్టి, మెల్లగా తీస్తాం. దానికి టైం పడతాది." టోపీ తలకు పెట్టుకున్నాడు. "ఈ పొద్దు మిమ్మల్ని కూసోమని అనలేను సార్. దువాలో మీ పేరూ రాదు. నాకు కడుపు మండుతాంది. ఇంగో దినం రాండి."

"రమ్మంటారా?"

"చెప్పినా కదా, రాండి. ఊరికే పోయేదేమో అనుకోవద్దు, తిట్టేది బాకీ ఉంది."

మోటారుసైకిలు ఎక్కి గని వైపు వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆయన దువాలో నా పేరు లేదు. అంతటి తేలిక నాకు ఈ మధ్యకాలంలో ఎప్పుడూ కలగలేదు. నాకు చెందనిది ఒకటి నా దగ్గర నుంచి తీసేసుకున్నారు. మీరు క్లాసులో తప్పు చెప్తే మరుసటి రోజే నిన్న తప్పు చెప్పాను అనండి. నేను అనలేక ఎంత దూరం తిరిగానో చూశారు కదా. పిల్లలు నవ్వరు. నవ్వినా ఒక్క గంట.

ఎర్రగుంట్లలో జమ్మలమడుగు బస్సు రావడానికి ఇంకా ముప్పావు గంట ఉంది. పొద్దున ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. బస్టాండు పక్క అంగట్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టించుకున్నాను. బజ్జీ కారానికి కళ్ళలో నీళ్ళు వస్తుంటే అంగడామె నీళ్ళ చెంబు ముందుకు తోసి, "ఇంగా పెట్టాల్నా సార్?" అని అడిగింది. పెట్టమ్మా అన్నాను.